డబ్బా ఎవరు మొయ్యాలి?

మా అక్కవాళ్ల పెరట్లో తులసికోట పక్కన ఒక నీలం డబ్బా మూడు రోజులు ఉంది. పది లీటర్లు పట్టే ప్లాస్టిక్ డబ్బా, బిగుతు మూత, మూతకి రబ్బరు వాషరు. ఆవకాయకి పనికొస్తుందని అక్క మొదటిరోజే దాని మీద కన్నేసింది. మూడో రోజు పొద్దున్న మూత తిప్పబోతుంటే వాళ్లబ్బాయి "అమ్మా, ముట్టుకోకు" అని అరుచుకుంటూ మేడ మీంచి దిగొచ్చాడు. అప్పుడు బయటపడింది సంగతి. ఆరుగురు మనుషులు గుహలో రెండు రాత్రులు ఉండి బయటికి తెచ్చుకున్న మలం అది. ఆ ఆరుగురిలో నేనూ ఉన్నాను.

అక్క ఏమందో రాయను. ఆ తులసికోటకి అన్ని స్నానాలు ఏ కార్తీకమాసంలోనూ జరిగి ఉండవు.

నవ్వుకోవడం అయ్యాక కూడా ఆ డబ్బా నా తలలోంచి పోలేదు. గుహలో ఉన్నన్నాళ్లూ ఎవరి మలం వాళ్లు బయటికి తెచ్చుకోవాలన్నది చాలాచోట్ల గుహలు వెతికేవాళ్లు ఒప్పుకున్న పద్ధతే. నాకూ అభ్యంతరం లేదు. కానీ మన దగ్గర ఆ మాట అక్కడితో ఆపేస్తే సగమే చెప్పినట్టు. "తెచ్చుకోవాలి" అన్నాం సరే, మోసేది ఎవరు?

రెండు రాత్రులు

మాది జయపురం. కోరాపుట్ జిల్లాలో ఉన్నా ఇంట్లో తెలుగే, బజార్లో ఒడియా, సంతలో దేశియా. అక్క కొడుక్కి కాలేజీ రోజుల నుంచీ గుహల పిచ్చి. కిరండోల్ పాసింజర్ ఎక్కి బొర్రాకి ఎన్నిసార్లు వెళ్లొచ్చాడో లెక్క లేదు. బెలూం గుహల పొడవు 3,229 మీటర్లని నాకు మొదట చెప్పింది వాడే. ఇప్పుడు వాడి కన్ను మేఘాలయ మీద ఉంది. అక్కడి క్రెం లియాత్ ప్రా 30 కిలోమీటర్లు దాటిన గుహ. అలాంటి చోటికి వెళ్లేముందు లోపలే ఉండటం, లోపలే తినడం, లోపలే పడుకోవడం అలవాటు కావాలని ఒక రిహార్సల్ పెట్టుకున్నారు.

గుప్తేశ్వరం నుంచి అంత దూరం కాదు, కొలాబ్ నది లోయలోనే ఒక చిన్న సున్నపురాయి గుహ. పేరు రాయను. రాస్తే వచ్చే ఆదివారానికి అక్కడ బైకులు వాలతాయి. నిజానికి ఆ గుహ చూసి రావడానికి మూడు గంటలు చాలు. రాత్రి పడుకోవలసిన అవసరమే లేదు. అలవాటు కోసమే పడుకున్నాం. మావాడు, వాడి స్నేహితులు ఇద్దరు, విశాఖ నుంచి ఒక కుర్రాడు, రాయగడ నుంచి ఒక అమ్మాయి, నేను. సైన్సు టీచర్ని కదా, నోట్సు రాస్తానని వాడిని ఒప్పించి దూరాను. యాభై రెండేళ్లకి నాకూ ఒక సరదా.

సామాన్లు మొయ్యడానికి పక్క ఊరి కుర్రాడిని రోజుకి ఆరొందలకి మాట్లాడారు. అనుమతి కాగితం మీద మా పేర్లు, ఆధార్ నంబర్లు, ఎన్ని టార్చిలు, ఎన్ని తాళ్లు అన్నీ రాశాం. ఆరుగురు రెండు రోజులు ఎక్కడికి "వెళ్తారు" అని ఆ కాగితం అడగలేదు. మేమూ రాయలేదు. వాళ్లని అని ఏం లాభం? మా సొంత లిస్టులోనే అది చివరి లైను. బిస్కెట్ల కింద ఉంది.

బయట మట్టి ఉంది

నాకు మొదట వచ్చిన సందేహం చాలామందికి వచ్చేదే. చుట్టుపక్కల ఊళ్లలో ఇప్పటికీ కొందరు చెంబు పట్టుకుని అడవిలోకే పోతారు. ప్రభుత్వం కట్టించిన మరుగుదొడ్లలో కట్టెలు పేర్చుకున్న ఇళ్లు నేను చూశాను. మా చిన్నప్పుడు మేమూ చెంబుతోనే పోయేవాళ్లం, ఆ మాట దాచుకోవడం ఎందుకు? ఊళ్లకి ఊళ్లే ఆరుబయట కూర్చున్న దేశంలో, ఆరుగురు గుహలో ఒక మూల గొయ్యి తీసి కప్పెట్టేస్తే కొంప మునిగిపోతుందా?

గుహలో కూర్చున్నాక తెలిసింది తేడా. బయట ఎండ ఉంది, వాన ఉంది, పేడపురుగు ఉంది, పంది ఉంది, కుళ్లబెట్టడానికి కోట్ల సూక్ష్మజీవులున్న మట్టి ఉంది. అడవిలో ఒక చోట కూర్చుని వారం తర్వాత వెళ్లి చూడండి, గుర్తు దొరకదు. గుహ లోతట్టున ఇవేవీ లేవు. ఎండ ఎప్పటికీ రాదు. వేడి ఏడాది పొడుగునా దాదాపు ఒకేలా ఉంటుంది. అక్కడ బతికే పురుగూ పుట్రా గబ్బిలాల రెట్ట మీదో, వాననీటితో కొట్టుకొచ్చే ఆకు ముక్కల మీదో అర్ధాకలితో బతుకుతాయి. జగదల్‌పూర్ దగ్గర కాంగేర్ లోయలో కుటుమ్‌సర్ గుహ ఉంది. అందులో కళ్లు కుంచించుకుపోయిన చేపలున్నాయి. చీకట్లో కన్ను దండగని తరతరాలుగా కన్నునే వదులుకుంటూ వస్తున్న ప్రాణి అది. అంత పొదుపుగా నడిచే ఇంట్లో ఆరుగురు మనుషులు రెండు రోజుల్లో వదిలేది చిన్నది కాదు. పస్తులుండే ఇంట్లో పెళ్లి భోజనం పారబోసినట్టు. అక్కడివి కాని సూక్ష్మజీవులు పెరిగి, అక్కడివాటిని తోసేస్తాయి.

నీళ్ల సంగతి ఇంకా ముఖ్యం. మామూలు నేలలో మురికినీళ్లు మట్టిలోంచి మెల్లగా దిగుతూ వడకట్టుకుంటాయి. సున్నపురాయిలో పగుళ్లే గొట్టాలు. పైన పోసింది వడకట్టుకోకుండానే కింద ఊటలో తేలుతుంది. ఆ ఊట దగ్గర బిందె పట్టుకుని ఒక ఆడమనిషి నిలబడి ఉంటుంది. బొర్రా గుహల గుండా పారే గోస్తని తాటిపూడి రిజర్వాయరులోకి చేరి విశాఖ జనానికి తాగునీరవుతుంది. మా కొలాబ్ కిందికి పోయి శబరి అని పేరు మార్చుకుని కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఏ గుహలో ఏ మూల అనేది మన ఇష్టం కాదని నేను చెప్పడానికి ఇది చాలు.

అమెరికాలో న్యూమెక్సికో రాష్ట్రంలో లెచుగియా అనే గుహ ఉంది. 1986లో అసలు దారి తెరుచుకున్నాక ఇప్పటికి 240 కిలోమీటర్లకు పైగా కొలిచారు. రోజుల తరబడి లోపలే ఉండి పని చేస్తారు. మలం మొత్తం సంచుల్లో కట్టి వీపు మీద బయటికి తెస్తారు. మావాడికి ఆదర్శం అదే. నీలం డబ్బా ఐడియా అక్కడి నుంచి వచ్చిందే.

మాకు కుదిరింది సగమే. "రెండుకి" పద్ధతి పాటించాం. పాత పేపరు మీద కూర్చోవడం, పైన రంపంపొట్టు, సున్నం చల్లడం, మడిచి కవర్లో కట్టడం, డబ్బాలో వెయ్యడం. చెప్పుకున్నంత ఘోరంగా లేదు. "ఒకటికి" మాత్రం ఒక ఇసుక మూల చూసుకుని, పోతే పోయిందిలే అనుకున్నాం. రెండో రాత్రికి ఆ మూల నుంచి అమ్మోనియా ఘాటు మా పక్కల దాకా వచ్చింది. పెద్ద నీళ్లు పారే గుహల్లో ఒకటికి ప్రవాహంలోనే పోతారట, అన్ని నీళ్లలో పలచబడిపోతుందని. మాది పొడి గుహ. ఆ మూలని కడిగే వాన ఎప్పటికీ రాదు. అది మేం చేసిన తప్పే.

వాగు ఒడ్డున

మూడో రోజు మధ్యాహ్నం బయటికొచ్చాం. జీపు ఉన్న చోటికి గంటన్నర నడక. మావాడు తాళ్ల చుట్టలు, వంట గిన్నెలు, నీలం డబ్బా అన్నీ కలిపి ఆ కుర్రాడికి అందించాడు. "ఇందులో ఏముంది బాబూ?" అని కుర్రాడు డబ్బా చూపించి అడిగాడు. మావాడు "చెత్త" అన్నాడు. అబద్ధం కాదు. నిజమూ కాదు.

సగం దారిలో ఒక వాగు. అక్కడ కుర్రాడు ఆగాడు. వాసన తెలిసిందో, మేం ఆ డబ్బా వైపు చూడకుండా నడిచే తీరు చూసి కనిపెట్టాడో. డబ్బా ఒక రాయి మీద పెట్టాడు. పక్కన కూర్చుని బీడీ వెలిగించుకున్నాడు. బీడీ అయిపోయాక లేచి, కోపం లేకుండా, దేశియాలో "తాళ్లు నేను తెస్తాను బాబూ. ఇది మీది" అని తాళ్లు భుజానేసుకుని వాగు దాటి వెళ్లిపోయాడు.

ఆ రాయి చుట్టూ మేం ఎంతసేపు నిలబడ్డామో. చివరికి రాయగడ అమ్మాయి ఎత్తుకుంది. అప్పుడు సిగ్గేసి మావాడు లాక్కున్నాడు.

జీపులో గొడవ మొదలైంది. మావాడి వాదన తీసిపారేసేది కాదు. "మూత బిగించిన డబ్బా పిన్నీ. చెయ్యి తగలదు. సంచిలో ఉల్లిపాయలు మోస్తే తప్పు లేదు, ఇది మోస్తే తప్పా? పైగా వందో రెండొందలో ఎక్కువిస్తాం. ఇందులో కులం ఎక్కడుంది? నువ్వే తెస్తున్నావు." చేత్తో మలం ఎత్తించడాన్ని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, 2013లో ఇంకా గట్టిది వచ్చాయని నేనంటే, మూతపెట్టిన డబ్బా ఆ చట్టాల కిందకి రాదన్నాడు. రాకపోవచ్చు. నేను లాయర్ని కాదు.

అయినా నా మనసు ఒప్పుకోలేదు. ఎందుకో తేల్చుకోవడానికి చాలా రోజులు పట్టింది. ఈ దేశంలో ఒకరి మలం ఇంకొకరు మొయ్యడం ఎప్పుడూ డబ్బుల లెక్కే అన్నారు. బస్తీకి ఇంత, దొడ్డికి ఇంత, పండక్కి పాత చీర. కోలార్ గనుల ఊళ్లో ఆ పని చేసే తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ ఆ తట్టలు దించడానికే బతుకంతా పెట్టాడు. 2016లో మెగసెసె అవార్డు ఇచ్చింది అందుకే. తట్ట స్థానంలో డబ్బా వచ్చింది, మూత వచ్చింది. మోసేవాడు ఎవరు, కూర్చున్నవాడు ఎవరు అన్న వరస మాత్రం మారలేదు. ఉల్లిపాయల సంచి గురించి మావాడు "చెత్త" అని చెప్పి తప్పించుకోవలసిన అవసరం రాదు కదా. పేరు పెట్టడానికి నోరు రాలేదంటే, అది మామూలు బరువు కాదని వాడికీ తెలుసు.

ఎవరెస్టు వైపు చూసినా ఇదే. 2024 నుంచి ఎక్కేవాళ్లు తమ మలాన్ని సంచుల్లో బేస్ క్యాంపుకి తేవాలని అక్కడి స్థానిక ప్రభుత్వం నియమం పెట్టింది. మంచిదే. బేస్ క్యాంపు మరుగుదొడ్ల డ్రమ్ములు మాత్రం ఏళ్లుగా కిందనున్న గోరక్‌షెప్ అనే మజిలీ వైపు దిగేది పోర్టర్ల వీపుల మీదే. కొండ శుభ్రమవుతుంది. బరువు ఒకరి నుంచి ఇంకొకరికి మారుతుంది.

మరి ఎవరైనా జబ్బు పడితే? విరేచనాలు పట్టుకుంటే? కాలు విరిగితే? ఎవరిది వాళ్లే అనే రూలు అక్కడ కుదరదు. అప్పుడు పక్కవాడు మోస్తాడు, మొయ్యాలి. దానికీ దీనికీ తేడా ఏంటని నన్ను నేను అడుక్కుంటే నాకు దొరికింది ఒకే గీటురాయి. ఇవాళ నాది మోసినవాడిది రేపు నేను మోస్తానా? మావాడిదైతే మోస్తాను. రాయగడ అమ్మాయిదైతే మోస్తాను. ఆ కుర్రాడిది మోస్తానా అని అడిగితే, ఆ రోజు వాగు ఒడ్డున నా జవాబు తల దించుకోవడమే.

ఇంటికి తెచ్చాక కూడా కథ అయిపోలేదు. డబ్బా మూడు రోజులు తులసికోట పక్కన ఎందుకుంది? ఎక్కడ పారెయ్యాలో వాడికి తెలియక. ప్లాస్టిక్ కవర్లు లెట్రిన్‌లో వెయ్యకూడదు, బిగుసుకుపోతుంది. చెత్త బండిలో వేస్తే? పొద్దున్నే బండితో వచ్చే ఆవిడ ఆ కవరు విప్పి తడిచెత్త, పొడిచెత్త విడదీస్తుంది. అంటే గుహలో తప్పించుకున్న బరువు మా వీధి మలుపులో ఇంకో మనిషి చేతుల్లో పడుతుంది. అడవిలోనే ఎక్కడో పాతేద్దామంటే ఆ నేల కిందంతా సున్నపురాయే, మళ్లీ అవే పగుళ్లు. చివరికి మావాడు, నేను గ్లవ్స్ వేసుకుని ఒక్కొక్క కవరూ విప్పి, పేపరూ పొట్టూ వేరు చేసి, మిగిలింది మా లెట్రిన్‌లో వేసి, డబ్బా బ్లీచింగ్‌తో కడిగాం. అక్క వీధి గుమ్మంలో కుర్చీ వేసుకుని అటు తిరిగి కూర్చుంది. ఆ ట్యాంకు నిండితే బండి పిలవాలి, ఆ గొట్టం పట్టుకునేదీ ఒక మనిషే. నా వాదనకి ఇక్కడ చిల్లు ఉందని నాకు తెలుసు.

నీళ్లు తాగని అమ్మాయి

జీపు గొడవలో ఎవరూ ఎత్తని మాట ఒకటుంది. రెండో రోజు రాయగడ అమ్మాయికి తలనొప్పి, పిక్కలు పట్టెయ్యడం. అలసట అన్నారు మగపిల్లలు. నేను పక్కన కూర్చుని అడిగితే చెప్పింది. పొద్దున్నుంచి అర సీసా నీళ్లే తాగిందట. మా ఇసుక మూల అందరూ పడుకున్న చోటికి ఇరవై అడుగులు. అడ్డం ఏమీ లేదు. అటు లేచి వెళ్తే అందరి హెడ్‌టార్చీలూ ఒక్కసారి అటు తిరుగుతాయి, కావాలని కాకపోయినా. అందుకని నీళ్లే మానేసింది.

నాకిది కొత్త కాదు. నేను ఉద్యోగంలో చేరిన మొదటి స్కూల్లో ఆడ టీచర్లకి లెట్రిన్ లేదు. సాయంత్రం దాకా గుక్కెడు నీళ్లతో గడిపిన ఏళ్లున్నాయి నాకు. అయినా లిస్టు రాసేటప్పుడు నాకే గుర్తు రాలేదు చూడండి.

గుహలోకి ఎవరికి ప్రవేశం అంటే అందరూ గేటూ, తాళమూ, అనుమతి కాగితమూ అనుకుంటారు. అసలు తలుపు ఇక్కడుంది. ఒక పాత దుప్పటి, రెండు మేకులు, వెడల్పు మూతి సీసా, ముందే అనుకున్న చోటు. ఇవి ఉంటే ఆ అమ్మాయికి గుహలోకి ప్రవేశం ఉన్నట్టు. లేకపోతే కాగితం మీద పేరున్నా లేనట్టే.

తాళం

తాళం మాటా తప్పదు. ఫ్రాన్స్‌లో లాస్కో గుహని 1963లో జనానికి మూసేశారు. చూడ్డానికి వచ్చినవాళ్ల ఊపిరికే గోడల మీది బొమ్మలు పాడవుతున్నాయని. ఊపిరికే అంత అయితే మా ఇసుక మూల మాటేంటి? కాంగేర్ లోయలోనే దండక్ అనే ఇంకో గుహలో, చుక్క చుక్కగా పెరిగిన సున్నపు దిమ్మని కోసి చదివి, సుమారు 600 నుంచి 1500 దాకా ఈ ప్రాంతంలో పడిన వానల లెక్క తీశారు. ఏ కరణమూ రాయని దస్తావేజు. అలాంటి చోట్లకి తాళం వెయ్యాల్సిందే అంటే నేను ఒప్పుకుంటాను.

ఒప్పుకుంటూనే ఇబ్బంది పడతాను. తాళం వేస్తే మొదట బయట ఉండిపోయేది ఆ ఊరివాళ్లే. వానొస్తే మేకలతో ఆ గుహలో తలదాచుకునేది వాళ్లు. ఏటా ఒకసారి కోడిపుంజుతో వచ్చి లోపలి దేవతకి మొక్కేదీ వాళ్లే. వాళ్లు అక్కడ రెండు రాత్రులు పడుకోరు. ఇన్ని తరాల్లో వాళ్లు చెయ్యని పాడు మేం ఒక్క వారాంతంలో చేశాం. రేపు అనుమతి మాత్రం ఎవరికి దొరుకుతుంది? ఫారం నింపడం వచ్చినవాళ్లకి. హెల్మెట్లున్నవాళ్లకి. మాలాంటివాళ్లకి.

అందుకే ఫారంలో ఒక్క లైను చేర్చమంటాను. ఎంతమంది, ఎన్ని రోజులు, ఎంత బరువు బయటికొస్తుంది, ఎవరి వీపు మీద. మనిషి రోజుకి పావు కిలో దాకా మలం, లీటరుంబావు పైన మూత్రం అనుకోండి. మా ఆరుగురికి రెండు రోజులకి మూడు కిలోలు, పదిహేను లీటర్లు. ఆ పదిహేను లీటర్లు వింటే మావాడు గుడ్లు తేలేశాడు. వాడికి నేను చెప్పింది ఇంటి లెక్కే. తాగడానికి లోపలికి తీసుకెళ్లిన నీళ్ల సీసాలు ఖాళీ అవుతాయి కదా. నిండుగా వెళ్లినవి నిండుగానే తిరిగొస్తాయి. చెమటగా పోయినంత తగ్గుతుంది కూడా. ఎర్ర టేపు చుడితే చాలు, ఎవరూ పొరపాటున తాగరు.

వచ్చే నెల మళ్లీ అదే గుహకి వెళ్తున్నారు. ఈసారి ప్లాస్టిక్ కవర్లు లేవు, పేపరే. చిన్న డబ్బాలు ఆరు కొన్నాడు, మూతల మీద మార్కరుతో పేర్లు రాశాడు. ఆరోది ఆ ఊరి కుర్రాడిది. కూలీకి తాళ్లు మోస్తాడు. దారి తెలిసినవాడు కాబట్టి లోపలికీ వస్తానన్నాడట. ఫోన్‌లో అతను అడిగింది డబ్బుల గురించి కాదు, దుప్పటి తెర ఎక్కడ కడతారని.

నాకు డబ్బా లేదు. పోయినసారి బయటికొచ్చేటప్పుడు మోకాళ్లు పట్టేసి నా సామాను సగం మావాడే మోశాడు. "ఈసారీ నీది నేను మోస్తాలే పిన్నీ" అన్నాడు. వద్దన్నాను. నోట్‌బుక్కు పెట్టుకుని గుహ బయట కూర్చుంటాను. అక్కడి నుంచి వాగు దాటి జీపు దాకా వాడి డబ్బా నేను పట్టుకోవాలని ఖాయం చేసుకున్నాం.